ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో క్లచ్ ప్లేట్లు మారిస్తే స్లిప్ పోతుందా?

పాత 4 స్పీడ్ ఆటోమేటిక్, టాప్ గేర్లలో స్లిప్ అవుతోంది, క్లచ్ ప్లేట్లు సొంతంగా మార్చుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. మార్చుకోవచ్చు. అయితే ప్లేట్లు వాటంతటవి మాడవు. చాలాసార్లు ప్లేట్లను ఆయిల్ ప్రెషర్‌తో నొక్కే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు గట్టిపడి ప్రెషర్ లీకవుతుంది, పట్టు చాలక ప్లేటు జారి కాలుతుంది. సీలు వదిలేసి ప్లేట్లే మారిస్తే కొత్తవీ మాడిపోతాయి. ఇదంతా టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా బాక్సుకు అందించే భాగం) ఉన్న బాక్సు సంగతి, ఏఎంటీకి (మాన్యువల్ గేర్‌బాక్సులోనే క్లచ్, గేర్లను యంత్రం మార్చే రకం) వర్తించదు.

బాక్సు దించే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టండి, బాక్సును ట్రాన్స్‌మిషన్ జాకీకి గొలుసుతో కట్టండి. కన్వర్టర్ నిండా ఆయిలే ఉంటుంది. బాక్సు ముందుకు వాలిందంటే కన్వర్టర్ జారి కాళ్ల మీద పడుతుంది, అందుకని బెల్ హౌసింగ్‌కు (బాక్సు ముందున్న గంట ఆకారపు తొడుగు) అడ్డంగా ఒక పట్టీ బిగించండి.

ప్లేట్లు, పిస్టన్ ఉండే డ్రమ్ములో, పిస్టన్‌ను వెనక్కి నెట్టే రిటర్న్ స్ప్రింగ్ నొక్కుకుని ఉంటుంది. కంప్రెసర్ టూల్‌తో దాన్ని అదిమాకే సర్‌క్లిప్ (దాన్ని పట్టి ఉంచే ఉక్కు రింగు) తీయాలి. స్క్రూడ్రైవర్‌తో ఎగదన్నితే క్లిప్పు నేరుగా మొహానికే వస్తుంది, కళ్లద్దాలు తప్పనిసరి.

అసలు ఓపిక కావాల్సింది సీలు దగ్గర. దాని పెదవి ఆయిల్ ప్రెషర్ వచ్చే వైపుకే ఉండాలి. సీలుకీ డ్రమ్ము గోడకీ ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) రాసి, అంచు నున్నగా ఉన్న పల్చటి ఫీలర్ గేజ్‌తో (ఖాళీ కొలిచే సన్నటి రేకు) పెదవిని చుట్టూ లోపలికి సర్దుతూ, పిస్టన్‌ను చేతులతోనే మెల్లగా తిప్పుతూ దింపండి. సుత్తి తగిలిందా, పెదవి మడతపడి తెగుతుంది. బయటికి ఏమీ కనిపించదు.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను (పట్టునిచ్చే పూత ఉన్నవి) కనీసం అరగంట, వీలైతే రెండు గంటలు ఏటీఎఫ్‌లో నానబెట్టాలి. ఎక్కించాక ఫీలర్ గేజ్‌తో ఖాళీ కొలవండి. ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకు సుమారు 0.25 మి.మీ. లెక్క, మీ మోడల్ మాన్యువల్‌లో అంకె ఉంటే అదే పాటించండి. తేడా వస్తే వేరే మందం సర్‌క్లిప్ గానీ ప్రెషర్ ప్లేటు గానీ వేయాలి.

డ్రమ్ము పూర్తిగా కూర్చాక ఆయిల్ రంధ్రంలోకి 40 పీఎస్ఐ మించకుండా పొడి గాలి కొట్టండి. 'టప్' మని పిస్టన్ కదిలి, గాలి వదిలితే వెనక్కి రావాలి. ఆగకుండా 'సుయ్' మంటుంటే సీలు తెగినట్టే, మళ్లీ విప్పండి. ఈ పరీక్షప్పుడు సర్‌క్లిప్ లేకుండా మాత్రం ఎప్పుడూ గాలి కొట్టకండి.

ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో మళ్లించే వాల్వ్ బాడీలో చెక్ బాల్స్ (చిన్న గోళీలు) నిలవడానికి వాజ్‌లైన్ వాడండి. మామూలు గ్రీజు ఏటీఎఫ్‌లో కరగదు, వెళ్లి వాల్వుల్లో ఇరుక్కుంటుంది. తుడవడానికి పోగులు రాలే గుడ్డ వద్దు.

తిరిగి ఎక్కించేటప్పుడు కన్వర్టర్‌ను నెడుతూ తిప్పితే మెట్టు మెట్టుగా లోపలికి దిగుతుంది, చివరి మెట్టు ఆయిల్ పంపుది. అది కూర్చోకుండా బెల్ హౌసింగ్ బోల్టులతో లాగి బిగిస్తే పంపు గేరు అక్కడే పగులుతుంది. హౌసింగ్ చేత్తో నెడితేనే ఇంజిన్‌కు ఆనాలి. హౌసింగ్ బోల్టులు బిగించాక కూడా కన్వర్టర్ చేత్తో తిరగాలి.

కూలర్ పైపులు ఫ్లష్ చేయకుండా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. పాత ప్లేట్ల పొడి అంతా అందులోనే దాక్కుని ఉంటుంది.