బండి బాగోగులు: పాత పికప్, ఎక్కని ఘాట్

ప్రశ్న: మాది పాత పికప్. నాలుగు సిలిండర్ల 2.5 లీటర్ల డీఐ ఇంజన్ (డీజిల్ నేరుగా సిలిండర్లోకి చిమ్మేది), టర్బో (ఇంజన్‌కి గాలి నెట్టేది) లేదు, డీజిల్ పంపు మామూలు మెకానికల్‌దే. మామిడి సీజన్లో బెంగళూరుకు కాయ తోలుతాం. మునుపు మొగిలి ఘాట్ థర్డ్ గేర్లో ఎక్కేసేది. ఇప్పుడు సెకండ్‌కి దించినా గసపెడతా ఉంది, వెనకంతా నల్లపొగ. పంపు స్క్రూ అర చుట్టు తిప్పితే పుల్లింగ్ వస్తుందని మెకానిక్ అంటా ఉన్నాడు. తిప్పించేదా సార్?
– ఒక రైతు, బంగారుపాళ్యం

జవాబు: వద్దు. పొగ నల్లగా వస్తోందంటే డీజిల్ చాలక కాదు, గాలి చాలక. పొయ్యిలో గాలి ఆడక పొగ చూరుతుంటే ఇంకో రెండు కట్టెలు దూర్చినట్టే ఆ స్క్రూ తిప్పడం.

లెక్క చూడండి. మీ ఇంజన్ 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి 2,500 చుట్లు) మీద ఉన్నప్పుడు రెండు చుట్లకోసారి 2.5 లీటర్ల గాలి పీల్చాలి. సిలిండర్ ఎప్పుడూ పూర్తిగా నిండదు. 85 శాతం నిండినా నిమిషానికి 2,650 లీటర్లు, బరువులో 3 కిలోలకు అటూ ఇటూ. పొగ రాకుండా కాలాలంటే కిలో డీజిల్‌కి దగ్గరదగ్గర 20 కిలోల గాలి ఉండాలి. పుస్తకాల్లో 14.5 అని ఉంటుంది గానీ డీజిల్ ఇంజన్లో రెండూ కలవడానికి దొరికే సమయం రెప్పపాటు కూడా ఉండదు, అందుకే ఆ ఎక్కువ. అంటే నిమిషానికి 150 గ్రాముల డీజిల్‌ దాకా కాలుతుంది. దాంతో ఇంజన్ 50 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఇస్తుంది. ఫిల్టర్ మూసుకుపోయి గాలి పదో వంతు తగ్గిందా, 5 హార్స్‌పవర్ అక్కడే పోయింది. పంపు మాత్రం పాత కొలతే పోస్తుంటుంది. ఆ మిగులే మీ వెనక కనిపించే నలుపు. దాని మీద ఇంకా పోయిస్తే కాలని డీజిల్ బోర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, పొగగొట్టం వైపు వేడి పెరుగుతుంది, ఘాట్ మధ్యలో పిస్టన్ తల కరిగే దాకా పోవచ్చు.

కాబట్టి పోయిన గాలి ఎక్కడ పోయిందో వెతకాలి. ఫిల్టర్‌ని కంప్రెసర్‌తో ఊదించి మళ్లీ బిగించడం మనవైపు అలవాటు. ఊదితే లోపలి నుంచి బయటికి, 2 బార్ లోపు ఒత్తిడి ఉన్న గాలితోనే ఊదాలి. బయటి నుంచి ఊదితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. ఊదాక చీకట్లోకి తీసుకుపోయి ఫిల్టర్ లోపల సెల్‌ఫోన్ లైటు పెట్టండి. సూదిమొనంత చుక్కలు మెరిస్తే కాగితం చిల్లు పడినట్టు, పారేయండి. వెలుగు అసలు కనబడకపోయినా పారేయాల్సిందే. తోటల్లో తిరిగే బండికి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల దాకా ఆగొద్దు, సగానికే మార్చండి. ఫిల్టర్ నుంచి సిలిండర్లకు గాలి పంచే మ్యానిఫోల్డ్‌కి పోయే రబ్బరు హోస్‌ని కింది వైపు తడమండి. పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర ఊడి ఇంజన్ లాగినప్పుడల్లా ముడుచుకుపోతుంటుంది. సైలెన్సర్‌దీ ఇదే కథ. లోపలి రేకు ఊడిపడినా, మసి పేరుకున్నా పొగ బయటికి పోదు, పొగ పోకపోతే కొత్త గాలి రాదు. పొగ వైపు మ్యానిఫోల్డ్ కింద పైపు జాయింట్ వదులు చేసి ఖాళీ బండిని ఒక కిలోమీటరు తోలండి. మోత భరించలేరు గానీ బండి ఒక్కసారిగా తేలికైతే దొంగ దొరికినట్టే.

గాలి దారి బాగుందని తేలాకే నాజిళ్ల (సిలిండర్లోకి డీజిల్ చిమ్మే మొనల) జోలికి పోండి. పంపు ల్యాబ్‌లో నాలుగూ టెస్టు బెంచీ మీద చూపించండి. డీఐ ఇంజన్లకు నాజిల్ తెరుచుకునే ప్రెషర్ సాధారణంగా 200 నుంచి 250 బార్ మధ్య ఉంటుంది. మీ ఇంజన్‌కి ఎంతో పుస్తకం చూసి పెట్టమనండి, నాలుగింటికీ ఒకేలా ఉండాలి. స్ప్రే పొగమంచులా రావాలి. ధారలాగా వచ్చినా, ఆగాక మొనకి చుక్క వేలాడినా నాజిల్ అయిపోయింది. తిరిగి బిగించేటప్పుడు కింద రాగి వాషర్ కొత్తది, ఒక్కటే. లీకు రాకూడదని రెండేసి పెట్టేవాళ్లున్నారు. నాజిల్ మొన మిల్లీమీటరు పైకి లేచినా స్ప్రే పిస్టన్ గుంటలో కాకుండా అంచు మీద పడుతుంది, మళ్లీ అదే పొగ.

ట్యాపెట్లు (వాల్వుల గ్యాప్) సెట్ చేసేది చల్లటి ఇంజన్ మీద, ఫీలర్ గేజ్‌తోనే (గ్యాప్ కొలిచే సన్న రేకులతోనే). చెవితో విని పెట్టే రోజులు పోయాయి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 ఉన్న ఇంజన్లో మార్కులు వెతుక్కోనక్కర్లేదు. ఒకటో సిలిండర్ రెండు వాల్వులూ ఊగేటప్పుడు, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకొకటి తెరుచుకుంటున్న క్షణంలో, నాలుగోది సెట్ చేయండి. నాలుగోది ఊగితే ఒకటోది, రెండోది ఊగితే మూడోది, మూడోది ఊగితే రెండోది. గ్యాప్ ఎంతో మీ ఇంజన్ పుస్తకంలో ఉన్నదే, పక్క బండి కొలత వాడొద్దు. పంపు టైమింగ్ లేటైతే చల్లగా ఉన్నప్పుడు తెల్లపొగ వస్తుంది, ఎత్తు ఎక్కదు. ముందుకు జరిగితే గట్టిగా నాకింగ్ కొడుతుంది.

ఇవన్నీ అయ్యాకా లాగకపోతే కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూపించండి. స్టార్టర్ తిప్పే వేగంలో 22 నుంచి 30 బార్ ఉంటే బండి బతికున్నట్టు. సిలిండర్‌కి సిలిండర్‌కి 3 బార్ కన్నా తేడా ఉంటే ఇంజన్ బోర్‌కి వచ్చిందనో, వాల్వులు కూర్చోవడం లేదనో అనుకోవాలి. అక్కడ ఏ స్క్రూ పనికిరాదు.

మీరు లోడు ఎంతో రాయలేదు. అదే అసలు సంగతి కావచ్చు. 50 హార్స్‌పవర్లో చక్రానికి చేరేది 42. బండితో కలిపి 2.8 టన్నులుంటే 7 శాతం ఎక్కుడు మీద గంటకు 48 కిలోమీటర్ల దాకా పోగలదు. ఇంకో టన్నున్నర ఎక్కిస్తే అదే ఇంజన్, అదే ఎక్కుడు, 31 కిలోమీటర్లు. థర్డ్ గేర్ ఆ వేగంలో నిలబడదు. పైగా ప్రతి 300 మీటర్ల ఎత్తుకీ టర్బో లేని ఇంజన్ 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. పలమనేరు వైపు ఎక్కే ఏ బండికైనా ఆ కోత తప్పదు.

ప్రశ్న: సర్వీసు అంతా చేయించాం, ఫిల్టర్లు కొత్తవి. పొగ లేదు, అయినా బండి బరువుగా పోతుంది.
– ఒక డ్రైవర్, పాకాల

జవాబు: పొగ లేకుండా బలం లేదంటే మూడు చూడండి, మూడూ దాదాపు ఖర్చు లేనివే. ఒకరు సీట్లో కూర్చుని యాక్సిలరేటర్ నేలకి ఆనించాలి, ఒకరు బానెట్ ఎత్తి పంపు లివర్ చూడాలి. లివర్ పోయి ఫుల్ స్టాపర్‌కి తగలాలి. కేబుల్ సాగిపోయి, కాలికింద మ్యాట్ మందంగా ఉండి స్టాపర్‌కి ఇంకా నాలుగో వంతు దూరం ఉండగానే లివర్ ఆగిపోయే బండ్లు ఎన్నో. రెండోది బ్రేకు పట్టేయడం. బ్రేకు ఎక్కువ వాడకుండా పది కిలోమీటర్లు తోలి, ఆగి, నాలుగు హబ్బుల దగ్గరా అరచెయ్యి దూరంగా పెట్టి వేడి చూడండి. ఒకటి మాత్రం సెగ కొడుతుంటే అక్కడ మీ హార్స్‌పవర్ కాలిపోతోంది. మూడోది క్లచ్. టాప్ గేర్లో 40 మీద ఉండగా ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ మోత పెరిగి బండి పెరగకపోతే ప్లేటు జారుతోంది.

టైర్లు మార్చారేమో కూడా గుర్తు తెచ్చుకోండి. 215/75 ఆర్15 తీసి 235/75 ఆర్15 వేస్తే చక్రం 4 శాతం పెద్దదవుతుంది, లాగే బలం అంతే తగ్గుతుంది.

ప్రశ్న: ఆటోనగర్లో సెకండ్ హ్యాండ్ టర్బో దొరుకుతోంది. టర్బో లేని పాత ఇంజన్‌కి బిగించుకోవచ్చా?
– తిరుపతి

జవాబు: బిగుస్తుంది. ఎన్నాళ్లు నిలుస్తుందన్నదే ప్రశ్న. కంపెనీ టర్బో ఇంజన్ కట్టేటప్పుడు పిస్టన్ అడుగున ఆయిల్ చిమ్మే జెట్‌లు పెడుతుంది, కంప్రెషన్ రేషియో తగ్గిస్తుంది, హెడ్ గ్యాస్కెట్, రేడియేటర్ మారుస్తుంది. మీ ఇంజన్లో అవేవీ ఉండవు. అర బార్ బూస్ట్ ఇచ్చి డీజిల్ పెంచితే ముందు పోయేది హెడ్ గ్యాస్కెట్. టర్బో నుంచి ఆయిల్ దిగే పైపు నిటారుగా సంపులోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి) పడాలి, వంపు ఉంటే సీలు దాటి ఆయిల్ ఇంజన్లోకే పోతుంది. ఇక చట్టం: మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజు దొరక్కపోయినా, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్‌కి దొరుకుతుంది.

ఎప్పుడూ ఘాట్లలో, బరువుతో తిరిగే బండి అయితే ఆ డబ్బు హౌసింగ్ (వెనక ఇరుసులోని గేర్ల పెట్టె) మీద పెట్టడం మేలని మా అభిప్రాయం. అదే మోడల్లో కంపెనీ ఇచ్చిన తక్కువ స్పీడు క్రౌన్ పినియన్ (ఇంజన్ తిప్పుడును వెనక చక్రాలకు ఇచ్చే గేర్ల జత) ఉంటే, ఉదాహరణకు 4.10 నుంచి 4.55కి మారితే, చక్రం దగ్గర లాగే బలం 11 శాతం పెరుగుతుంది. ఇంజన్ మీద చెయ్యే పడలేదు. పోయేది టాప్ స్పీడు పదో వంతు, స్పీడోమీటర్ కూడా సరిచేయించాలి. ముందు మీదెంతో తెలుసుకోండి: ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, న్యూట్రల్‌లో వెనక ఒక చక్రాన్ని మాత్రం జాకీ మీద ఎత్తి, దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దతో గీత గీసి అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడితే అదే మీ రేషియో.

ప్రశ్న: ఎండాకాలం భాకరాపేట ఘాట్లో వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీయించాం. ఇప్పుడు మైలేజీ పడిపోయింది, ఘాట్లో వేడి మాత్రం అలాగే ఉంది.
– పీలేరు

జవాబు: చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో అడ్డదారి బైపాస్ మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత చల్లారకుండానే తిరిగి ఇంజన్లోకి పోతాయి. చదునులో చలి, ఎక్కుడులో జ్వరం. 82 డిగ్రీలదో, పుస్తకంలో ఎంతుంటే అంతదో కొత్తది వేయించండి. వేసేముందు నీళ్ల గిన్నెలో పెట్టి కాచి తెరుచుకుంటోందో లేదో చూడొచ్చు. అసలు వేడికి కారణం రేడియేటర్ రెక్కల్లో దుమ్మూ పురుగులూ అయి ఉండొచ్చు, ఫ్యాన్ వైపు నుంచి నీళ్లు కొట్టండి.

ప్రశ్న: పది నిమిషాలు బాగా లాగి, తర్వాత చచ్చినట్టు పోతుంది. అయిదు నిమిషాలు ఆపితే మళ్లీ మామూలే.
– పుత్తూరు

జవాబు: ట్యాంకు. ఈసారి ఆగిపోగానే మూత తిప్పండి. ఉస్సుమని గాలి లోపలికి పోతే మూతకున్న సన్న రంధ్రం మూసుకుంది. శబ్దం రాకపోతే ట్యాంకులోని జల్లెడకి చెత్త పట్టింది, ఆపగానే అది జారిపోతుంది, లాగగానే మళ్లీ వచ్చి అతుక్కుంటుంది. ట్యాంకు దించి కడిగించండి. ఫీడ్ పంపు నట్టు లోపల ఇంకో చిన్న జల్లెడ ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు.

ప్రశ్న: డీజిల్‌లో కిరోసిన్ గానీ 2టీ ఆయిల్ గానీ కలిపితే పుల్లింగ్ వస్తుందా?
– శ్రీకాళహస్తి

జవాబు: కిరోసిన్ కలిపితే పంపు ప్లంజర్లకు జారుడు తగ్గి అరిగిపోతాయి. 2టీ ఆయిల్ జారుడిస్తుంది, బలం ఇవ్వదు.