రోజూ 1600 పరుగెత్తినా టైం ఎందుకు తగ్గట్లేదు?

కానిస్టేబుల్ ఈవెంట్స్‌కని వారానికి ఆరు రోజులు 1600 మీటర్లు కొడుతున్నా 8 నిమిషాల లోపు రావట్లేదు, నడుము పట్టేస్తోంది, ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లు నిటారుగా నిలపడం) మాత్రం మూడు నిమిషాలు ఉంటా, ఇంకేం చేర్చాలి అని అడిగావు. చేర్చేదేం లేదు తమ్ముడూ, తీసేసేదే ఉంది.

నువ్వు చేసేది ప్రాక్టీసు కాదు, రోజూ పరీక్ష రాయడం. అనంతపురంలో పొద్దున ఐదుకు ఏ గ్రౌండుకు పోయినా ఇదే తంతు. మొదటి రౌండు 85 సెకన్లలో లాగేస్తారు. మూడో రౌండుకు గడ్డం పైకి లేస్తుంది, నడుము విల్లులా వంగుతుంది, పాదం దబదబా పడుతుంది. 8 నిమిషాలంటే 400కి 2 నిమిషాలే కదా, తొందరెందుకు?

ఒక నోటుబుక్కు కొను. పరుగు అయిన అరగంటకు, ఎంత కష్టమనిపించిందో 0 నుంచి 10 లోపు అంకె వేసి, వార్మప్‌తో సహా పట్టిన నిమిషాలతో గుణించు. అదే ఆ రోజు నీ ఒంటి మీద పడిన భారం. నీది 30 నిమిషాలు, కష్టం 9 అనుకో: 270. ఆరు రోజులకు 1620. దాని బదులు రెండు రోజులు 400 మీటర్లు ఐదుసార్లు, ఒక్కోటి 1:50లో, మధ్యలో 2 నిమిషాల నడక. వార్మప్‌తో కలిపి 45 నిమిషాలు, కష్టం 7, అంటే 315. ఇంకో మూడు రోజులు పక్కోడితో మాట్లాడుకుంటూ పోయే వేగంలో 40 నిమిషాలు, కష్టం 3, అంటే 120. వారానికి 990. నిమిషాలు 180 నుంచి 210 అయ్యాయి, భారం మాత్రం దిగింది. ఈ లెక్క అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్‌ది. రోజూ ఒకే భారం మోయడం కూడా చేటేనంటాడాయన.

మన మే నెల ఎండకు అదే నిదానపు పరుగు 3 కాదు, 5 అనిపిస్తుంది. 120 కాస్తా 200. వేలు పోసి వాచీలు కొంటారు గానీ ఈ అంకె రాయడానికి బద్ధకం! లేవగానే మంచం మీదే నాడి చూసుకో. నిమిషానికి మామూలు కన్నా 7, 8 ఎక్కువగా రెండు రోజులు వరుసగా ఉంటే ఆ రోజు నడకే. ఊపిరి వారాల్లో దారికొస్తుంది, ఎముకకు నెలలు కావాలి. ముంగాలి ఎముక నొప్పి అక్కడే మొదలు.

ఇక మూడు నిమిషాల ప్లాంక్ ఫోటోకు పనికొస్తుంది. నిమిషం దాటితే చాలామందికి నడుము జారుతుంది, ఊపిరి బిగబడుతుంది. పరుగులో కావాల్సింది ఊపిరి ఆడుతుండగా నడుము కదలకపోవడం. కెనడా వెన్నెముక నిపుణుడు స్టువర్ట్ మెక్‌గిల్ పద్ధతిలో సైడ్ ప్లాంక్ (పక్కకు తిరిగి ఒక మోచేతి మీద), బర్డ్ డాగ్ (చేతులు, మోకాళ్ల మీద ఉండి ఒక చెయ్యి, ఎదురు కాలు చాచడం) పట్టు: 10 సెకన్ల చొప్పున ఒక్కో పక్కకు 6, తర్వాత 4, తర్వాత 2 సార్లు. బర్డ్ డాగ్‌లో నడుము మీద సగం నీళ్ల స్టీలు గ్లాసు పెట్టించుకో. అది ఒలికిందంటే నడుము కదిలిందని, చాలాసార్లు కాలు తుంటి కన్నా పైకి లేపావని.