మార్చితే తప్పేటి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు పురాణాల సినిమాల మీదే ఉన్నాయి. మామూలుగా జీడిపిక్కల ధర గురించీ, కోడలు మాట వినడం లేదనీ రాసేవాళ్ళు కూడా ఈసారి కర్ణుడి గురించి రాశారు! అందుకని మిగతావన్నీ పక్కన పెట్టి ఈ పేజీ అంతా దానికే ఇచ్చేశాను. జీడిపిక్కల వాళ్ళూ, మీరు వచ్చే వారం దాకా ఆగాలి బాబూ.

ప్రశ్న: మా తాతగారితో కూర్చుని టీవీలో ‘కల్కి 2898 ఏడీ’ చూశాను. మధ్యలో ఆయన "ఇదేటిరా, అశ్వత్థామకి శాపం మూడువేల ఏళ్ళే కదా, ఆరువేల ఏళ్ళ తర్వాత ఇంకా ఎలాగున్నాడు?" అన్నారు. సినిమా వాళ్ళకి తెలీదంటారా? (డిగ్రీ విద్యార్థి, రాజాం)

జవాబు: మీ తాతగారికి నా నమస్కారం చెప్పండి, ఆయన లెక్క కరెక్టు. భారతం సౌప్తిక పర్వంలో కృష్ణుడు పెట్టిన శాపం మూడువేల ఏళ్ళే. ఒంట్లోంచి చీమూ నెత్తురూ కారుతూ, పలకరించే మనిషి లేకుండా అడవులు పట్టుకుని తిరగమన్నాడు. సినిమా లెక్క వేరే. కలియుగం క్రీస్తు పూర్వం 3102లో మొదలైందని మన పంచాంగాల వాళ్ళు చెప్తారు, దానికి 2898 కలిపితే సరిగ్గా ఆరువేలు. మరి అన్నేళ్ళు ఎలా బతికాడంటే, ఏడుగురు చిరంజీవులని చెప్పే శ్లోకం మొదలయ్యేదే అశ్వత్థామ పేరుతో. అంటే సినిమా వాళ్ళు ఒక మాట వదిలేసి ఇంకో మాట పట్టుకున్నారు, తెలియక కాదు.

నన్నడిగితే సంవత్సరాల సంగతి చిన్నది, అసలు మార్పు ఇంకోటుంది. వ్యాసుడి దగ్గర ఆ శాపం వట్టి శిక్ష, దాంతో చేయాల్సిన పనేమీ లేదు. సినిమాలో కృష్ణుడు అతనికి ఒక పని అప్పజెప్తాడు, పుట్టబోయే కల్కిని కాపాడమని. ఉత్తర కడుపులో ఉన్న పిల్లాడి మీద అస్త్రం వేసినవాడు ఆరువేల ఏళ్ళ తర్వాత ఇంకో ఆడమనిషి కడుపుకి కాపలా కాయాలి. ఇది భారతంలో లేదు, కానీ భారతం చదివినవాడికే తట్టే ఆలోచన. అశ్వత్థామ వేషం వేసిన అమితాబ్ బచ్చన్ లేచి నిలబడే సీన్‌కి థియేటర్లో ఈలలు వేశారు గానీ నాకు ఈ మెలిక దగ్గర ఒళ్ళు ఝల్లుమంది. మిగతా సినిమాలో ఆ కార్ల గోల, ఆ బేరాలూ కామెడీ, అవి కొంత తగ్గితే బాగుండునని నాకూ ఉంది, అది వేరే సంగతి.

ప్రశ్న: నలభై ఏళ్ళు పిల్లలకి తెలుగు చెప్పాను. వ్యాసుడూ వాల్మీకీ రాయనిది తీయడానికి ఈ కాలం వాళ్ళెవరండీ? మా రోజుల్లో పౌరాణికం అంటే మూలానికి కట్టుబడి తీసేవారు. (విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి)

జవాబు: మాస్టారూ, కోప్పడకండి గానీ, మీ రోజుల్లోనూ కట్టుబడలేదు.

‘మాయాబజార్’ (1957) తీసుకోండి. వ్యాస భారతంలో శశిరేఖ లేదు, అభిమన్యుడు పెళ్ళాడింది ఉత్తరని. శశిరేఖ కథ జనం నోట్లో పుట్టి, నాటకాల్లో పెరిగి, సినిమాకొచ్చింది. పాండవుల కథ అనుకుంటూ మనం డెబ్భై ఏళ్ళ నుంచి చూస్తున్న ఆ సినిమాలో అసలు పాండవులే కనబడరు, ఎంతమంది గమనించారో! కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధమైందన్న గయుడి కథ కూడా అంతే, వ్యాసుడి దగ్గర లేదు, చిలకమర్తి వారి నాటకం దాన్ని ఊరూరా తిప్పింది, 1963లో సినిమా అయింది. లక్ష్మణరేఖ వాల్మీకి అరణ్యకాండలో లేదు. వారధికి ఇసుక మోసిన ఉడుతనీ వాల్మీకి చెప్పలేదు, మన రంగనాథ రామాయణం చెప్పింది. ఇవన్నీ తీసేస్తే మనకి తెలిసిన రామాయణంలో ఏం మిగులుతుంది చెప్పండి.

అంత దూరం ఎందుకు, మన నాగావళి సంగతే చూడండి. కరువు పట్టిన ఈ సీమకి బలరాముడొచ్చి నాగలితో ఏరు తెచ్చాడని, అందుకే దానికి లాంగుల్య అని పేరని, ఒడ్డు పొడుగునా అయిదు శివాలయాలు పెట్టాడని మన పెద్దలు చెప్తారు. పార్వతీపురం అవతల గుంప సోమేశ్వరుడు, సంగాంలో సంగమేశ్వరుడు, శ్రీకాకుళం గుడివీధిలో కోటేశ్వరుడు అలా వచ్చినవాళ్ళే. భాగవతంలో బలరాముడు నాగలితో లాగింది యమునని. భారతంలో యుద్ధం చూడలేనని తీర్థయాత్రకి పోయింది సరస్వతి ఒడ్డుకి. ఆ నాగలినీ ఈ యాత్రనీ కలిపి మనవాళ్ళు మన ఏటికి తెచ్చుకున్నారు, శివరాత్రికి లక్షణంగా జాగారాలు చేస్తున్నారు. వాళ్ళని మీరెవరని అడుగుతామా?

హరికథలు చెప్పే ఆదిభట్ల నారాయణదాసు గారు కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, ఒక్క మనిషే రాముడూ రావణుడూ అయిపోయి, మధ్యలో పిట్టకథ వేసి జనాన్ని నవ్వించి మళ్ళీ కథలోకి లాక్కొచ్చేవారట. అదీ తిరగ చెప్పడమే. మూలం ఆయనకి కరతలామలకం కాబట్టి ఎక్కడ వదిలి ఎక్కడ పట్టుకోవాలో తెలుసు. నా పేచీ ఆ దగ్గరే. మార్చినందుకు నేను పోట్లాడను, చదవకుండా మార్చినవాడు మాత్రం రెండో సీన్లోనే దొరికిపోతాడు.

ప్రశ్న: ‘లవకుశ’కీ మన విజయనగరానికీ ఏదో సంబంధం ఉందని మా అత్తయ్య అంటారు. నిజమేనా? (గృహిణి, నెల్లిమర్ల)

జవాబు: నిజమే. సంగీతం ఇచ్చిన ఘంటసాల చదువుకున్నది ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో. 1919లో పెట్టిన కాలేజీ, నారాయణదాసు గారే మొదటి ప్రిన్సిపాల్. లవకుశుల పాటలు పాడిన ఇద్దరిలో పి. సుశీల పుట్టిందే విజయనగరంలో, రెండో ఆమె పి. లీల. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా అది, 1963లో వచ్చింది. డబ్బుల్లేక మధ్యలో ఏళ్ళ తరబడి ఆగిపోయింది కూడా. తండ్రి సి. పుల్లయ్య మొదలెడితే కొడుకు సి.ఎస్. రావు పూర్తి చేశారు. ఆ పుల్లయ్య గారే 1934లో ఇదే కథ ఒకసారి తీశారు. మీ అత్తయ్యగారు గెలిచారు, పందెం ఏదైనా ఉంటే ఇచ్చేయండి.

ప్రశ్న: కల్కి చివర్లో ప్రభాస్ కర్ణుడని తేలాక మా హాస్టల్లో రెండు పార్టీలైపోయాయి. రాత్రి ఒంటిగంట దాకా గొడవ. కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా? మీరు తేల్చాలి. (ఎచ్చెర్ల)

జవాబు: విల్లు పట్టుకోవడంలో అయితే వ్యాసుడే తేల్చేశాడు, నాకు పని పెట్టలేదు. పశువుల్ని చూసే మిషతో కౌరవులు అడవికెళ్ళిన ఘోషయాత్రలో గంధర్వులు వచ్చి పడితే కర్ణుడు తప్పించుకుని పోయాడు, దుర్యోధనుడు కట్టుబడిపోయాడు, విడిపించింది పాండవులు. ఉత్తర గోగ్రహణంలో కర్ణుడితో సహా కురు వీరులందర్నీ అర్జునుడు ఒక్కడే ఓడించాడు. ఇవి సినిమాల్లో కర్ణుడి ఫ్యాన్స్‌కి చూపించరు.

కానీ మీ హాస్టల్ గొడవ విల్లు గురించి కాదని నాకు తెలుసు. కులం పేరెత్తి వెనక్కి పొమ్మన్న సభ ఉంది కదా, అది. ఎక్కడో ఒకచోట అలాంటి మాట పడ్డవాళ్ళందరికీ కర్ణుడు చుట్టమే. మన పద్య నాటకాలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1977లో ఎన్టీఆర్ ‘దానవీరశూరకర్ణ’ తీసి కృష్ణుడూ, దుర్యోధనుడూ, కర్ణుడూ మూడు వేషాలూ తనే వేసి, దర్శకత్వం చేసి, దాన్ని ఇంటింటికీ చేర్చారు. మా వీధిలో అప్పట్లో అమ్మవారి సంబరాలకి మైకులో పాటలకి బదులు ఆ సినిమా డైలాగులే వేసేవారు, మాకు అవి నోటికొచ్చు, లెక్కల ఎక్కాలు రావు.

నాకు ఇబ్బంది ఎక్కడంటే, కర్ణుణ్ణి ఎత్తాలని అతని తప్పులు తుడిచేస్తున్నారు. ద్రౌపది బట్టలు లాగమని దుశ్శాసనుడికి చెప్పినవాడు కర్ణుడు. ఆ సభలో ఆమెని ఏమన్నాడో ఇక్కడ రాయలేను కూడా. తర్వాత ఉద్యోగ పర్వంలో, నువ్వు కుంతి కొడుకువని కృష్ణుడు చెప్పినప్పుడు, దుర్యోధనుడి మెప్పు కోసం పాండవులని నానా మాటలూ అన్నాను, అది ఇప్పుడు నన్ను కాలుస్తోంది అంటాడు. ఆ వెంటనే కుంతి వస్తే, అర్జునుణ్ణి తప్ప మిగతావాళ్ళని చంపను, ఎటు పోయినా నీకు అయిదుగురు కొడుకులుంటారు అని మాటిస్తాడు. అన్న మాటలు తీసేస్తే ఈ పశ్చాత్తాపం దేనికి? తప్పు తీసేసిన కర్ణుడు నాకు గిల్టు నగలా కనిపిస్తాడు, మెరుపే తప్ప బరువుండదు. కల్కి రెండో భాగంలో ఏం చేస్తారో చూద్దాం. ఈలోగా రాత్రి పదింటికి పడుకోండి, పరీక్షలున్నాయి.

ప్రశ్న: పురాణం సినిమాల్లో ఆడవాళ్ళు ఏడవడానికే ఉన్నారా? ‘శాకుంతలం’ చూసి విసుగొచ్చింది. (బ్యాంకు ఉద్యోగిని, పాలకొండ)

జవాబు: అమ్మా, ఆ సినిమా (2023) కాళిదాసు నాటకాన్ని పట్టుకుంది. ఉంగరం, దుర్వాసుడి శాపం, మరిచిపోవడం, అదంతా కాళిదాసుది. రాజుగారి తప్పంతా శాపం మీదికి పోతుంది, ఆమెకి ఏడుపు మిగులుతుంది. భారతంలో ఉంగరమూ లేదు, శాపమూ లేదు. దుష్యంతుడికి అన్నీ గుర్తే, నువ్వెవరో ఎరగనని నిండు సభలో అబద్ధమాడతాడు. శకుంతల పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడి కడిగేస్తుంది. నన్నయ గారి తెలుగులో అయితే ఆ ఘట్టం చదివి తీరాలి: నూరు నూతుల కంటే ఒక దిగుడుబావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటే ఒక్క నిజం మేలయ్యా అని రాజుకే పాఠం చెప్తుంది. వెయ్యేళ్ళ కిందటి తెలుగు శకుంతల ఈమె! ఈమెని వదిలేసి ఏడ్చే ఆమెని ఎందుకు తెచ్చుకున్నారో నాకూ అర్థం కాలేదు. గ్రాఫిక్స్ ఖర్చు లేకుండా, ఒక సభ, ఇద్దరు నటులు, ఒక పసివాడు, ఇరవై నిమిషాల సీను. ఎవరైనా తీస్తే మొదటి టికెట్ నాది, రెండోది మీకు.

ప్రశ్న: ‘ఆదిపురుష్’ చూశాక మా ఏడేళ్ళ బాబు "రావణుడంటే గుహలో ఉండే దయ్యమా" అంటున్నాడు. ఏం చెప్పాలి? (విజయనగరం)

జవాబు: కాదని చెప్పి, పాత ‘భూకైలాస్’ (1958) చూపించండి. తల్లి పూజకి ఆత్మలింగం తేవాలని బయల్దేరిన రావణుడు కనిపిస్తాడు. ఎన్టీఆర్ మొదటిసారి దర్శకత్వం చేసిన ‘సీతారామ కల్యాణం’ (1961)లో కూడా తనకి ఉంచుకున్న వేషం రావణుడిదే. మనవాళ్ళకి రావణుడు చెడ్డవాడే, కానీ చదువుకున్న చెడ్డవాడు, భయమంతా అక్కడే.

‘ఆదిపురుష్’లో హనుమంతుడి నోట పెట్టిన హిందీ మాటల మీద జనం తిరగబడితే విడుదలయ్యాక కొన్నింటిని మార్చారు, గుర్తుండే ఉంటుంది. దేవుళ్ళు గ్రాంథికమే మాట్లాడాలని నేననను. పింగళి నాగేంద్రరావు గారు మాయాబజార్‌లో రాక్షసుల కోసం కొత్త తెలుగే పుట్టించారు. అసమదీయులు, తసమదీయులు అని ఇవాళ్టికీ పేపర్లలో హెడ్డింగులు పెడుతున్నాం. హాస్యమే, కానీ ఆ రాక్షసుడు ఆ మాట అంటాడనిపిస్తుంది. వీధి చివర బడ్డీ దగ్గర విన్న మాట తెచ్చి హనుమంతుడికి పెడితే ఆ నోటికి అది అతకలేదు, అంతే.

ప్రశ్న: నేనొక స్క్రిప్టు రాస్తున్నాను. రామాయణాన్ని మన శ్రీకాకుళం పల్లెలో, మన యాసలో, ఈ కాలంలో పెట్టి. ఒప్పుకుంటారా జనం? (షార్ట్ ఫిలిమ్స్ తీసే కుర్రాడు, నరసన్నపేట)

జవాబు: ఒప్పుకోకేం. ‘ముత్యాల ముగ్గు’ (1975)లో బాపు రమణలు ఉత్తర రామాయణాన్ని పంచెలూ చీరలూ కట్టించి చూపిస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. ‘ఆర్ఆర్ఆర్’లో రామరాజు కోసం సీత ఎదురుచూసింది, అడవిలో అతని చేతికి విల్లంబులు వచ్చాయి, ఎవరూ కాదనలేదు. మన యాస సంగతంటావా, తప్పెటగుళ్ళ వాళ్ళు ఛాతీ మీద రేకు తప్పెట కొడుతూ ఎగిరి ఎగిరి పాడే రామకథ ఏ యాసలో ఉంటుందనుకున్నావు? ముందు వెళ్ళి ఒక రాత్రి అక్కడ కూర్చో. ఫోన్లో రికార్డు చేసుకుంటే సరిపోదు, కూర్చోవాలి.

స్క్రిప్టు పంపు, చదువుతాను. ఒక్క షరతు. సినిమాల్లో మన యాస పనిమనిషికీ, తాగుబోతుకీ, నవ్వించేవాడికీ పెట్టడం అలవాటైపోయింది. నీ కథలో శూర్పణఖ "ఏటి బావా" అంటూ, సీత మాత్రం పుస్తకం భాష మాట్లాడేట్టుంటే నాకు పంపొద్దు.