పుట్టగొడుగులు తిన్నాక వాంతులు: ఎన్ని గంటలకు మొదలయ్యాయి?

ప్రశ్న: మాది చింతూరు దగ్గర పల్లె. పది రోజుల కిందట మావారు సంత నుంచి బోడ (నేల లోపల గుండ్రంగా పెరిగే పుట్టగొడుగు) తెచ్చారు. అదే రోజు మా బాబు (9 ఏళ్లు) బడి ఆవరణలో గడ్డిలో మొలిచిన పెద్ద తెల్ల పుట్టగొడుగులు కోసుకొచ్చాడు. వాటి మీద గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరంలాంటి పొర ఉన్నాయి. అత్తగారు కూరలో వెండి ఉంగరం వేసి చూశారు, నల్లబడలేదు. రెండూ కలిపే వండాను. తిన్న రెండు గంటలకు నాకూ బాబుకూ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. సెలైన్ పెట్టించాక మర్నాటికి తగ్గాయి. వండకుండా మిగిలిన ఒక పుట్టగొడుగు అడుగుభాగం మర్నాటికి ఆకుపచ్చగా మారింది. పరీక్షలు ఏమైనా చేయించుకోవాలా? ఇక బోడ మానేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ భయం తీరుస్తాను. ప్రాణాంతకమైన పుట్టగొడుగుల్లో ఎక్కువ భాగం కాలేయాన్ని దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ మూడో రోజు నుంచి బయటపడుతుంది. పది రోజులు గడిచినా మీకు కామెర్లు, మత్తు, ఒంటిమీద కమిలిన మచ్చలు లేకపోతే ఆ ప్రమాదం దాటిపోయినట్టే. కొన్ని అరుదైన రకాలు మాత్రం మూత్రపిండాలను ఆలస్యంగా దెబ్బతీస్తాయి. అందుకని మీరిద్దరూ ఒక్కసారి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష), సీరం క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) చేయించుకోండి. రెండూ మామూలుగా ఉంటే అంతటితో వదిలేయవచ్చు.

మీకు వాంతులు తెప్పించింది బోడ కాకపోవచ్చు. గడ్డిలో మొలవడం, పొలుసులు, ఉంగరం, తెల్లగా ఉన్న అడుగు రేకులు పచ్చబారడం చూస్తే అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటీస్ అనే రకంలా ఉంది. లేతగా ఉన్నప్పుడు దాని రేకులూ తెల్లగానే ఉంటాయి, అందుకే మోసపోతాం. దాని బీజాలు ఆకుపచ్చవి. అవి ముదిరేకొద్దీ రేకులు పచ్చబడతాయి. దీన్ని తింటే సాధారణంగా ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలవుతాయి. పెద్దవాళ్లు చాలావరకు ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటారు. పిల్లల ఒంట్లో మాత్రం నీరు చాలా త్వరగా తగ్గిపోతుంది. మీరు సెలైన్ పెట్టించడం సరైన పని.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. తిన్న రెండు మూడు గంటల్లో వచ్చే వాంతుల కంటే ఆరు గంటలు దాటాక, ముఖ్యంగా ఆరు నుంచి పన్నెండు గంటల మధ్య మొదలయ్యే వాంతులు చాలా ప్రమాదం. అమనిటా జాతిలోని డెత్ క్యాప్ వంటి వాటిలో అమాటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది కాలేయ కణాల్లో ప్రొటీన్ తయారీని ఆపేస్తుంది. రాత్రి తింటే తెల్లవారుజామున విరేచనాలు మొదలై, రెండో రోజు తగ్గినట్టే కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే డిశ్చార్జి అడిగి ఇంటికి వెళ్లిపోతారు. మూడో రోజో నాలుగో రోజో కాలేయం చేతులెత్తేస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లే.

ఒకే కూరలో రెండు మూడు రకాలు కలిస్తే ఈ గంటల లెక్క కూడా తప్పుతుంది. ఒక రకం వల్ల త్వరగా వాంతులు వస్తాయి, రెండోది లోపల నెమ్మదిగా పనిచేస్తూ ఉంటుంది. అందుకే కొత్త రకాన్ని మరో దానితో కలిపి ఎప్పుడూ వండకండి.

వెండి ఉంగరం పరీక్షను ఇక మానేయండి. వెండిని నల్లబరిచేది గంధకం. అమాటాక్సిన్‌ను వెండి పట్టుకోలేదు. వెల్లుల్లి రంగు మారడం, ఉప్పు నీళ్లలో నానబెట్టడం, ఉడికించిన నీళ్లు పారబోయడం కూడా అంతే, ఈ విషం మంటకు చావదు. పురుగు తిన్నది మనకూ పనికొస్తుందనడమూ తప్పే. కొన్ని ఈగల పిల్లలు డెత్ క్యాప్‌లోనే హాయిగా పెరుగుతాయి.

ఇక బోడ సంగతి. ఇది సాల చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతికే శిలీంధ్రం. చెట్టు వేరు దానికి చక్కెర ఇస్తుంది, అది వేరుకు నీరూ ఖనిజాలూ అందిస్తుంది. జార్ఖండ్‌లో దీన్నే రుగ్డా అంటారు. యూరప్‌లో ఓక్ చెట్ల కింద దొరికే ట్రఫుల్‌కు ఇది బంధువు కాదు, నేల లోపల పెరిగే తీరు మాత్రం అలాగే ఉంటుంది. తొలకరి వానలకు ఆకుల కింద నేల పగులు విచ్చినచోట తవ్వి తీస్తారు. సంతలో కొన్నాక మట్టి పోయేదాకా నాలుగైదు నీళ్లలో కడిగి, ప్రతి కాయనూ నిలువునా రెండుగా కోయండి. పై తొక్క గట్టిగా ఉండి లోపల తెల్లగా, ఒకే తీరుగా ఉంటేనే వండండి. లోపల ఊదా, నలుపు చారలు కనిపిస్తే అది బోడలాగే కనిపించే స్క్లెరోడెర్మా అనే విషపు రకం కావచ్చు. తింటే కడుపునొప్పి, వాంతులు వస్తాయి. గోధుమరంగు పొడిలా మారితే బోడే ముదిరిపోయింది, దాన్నీ పక్కన పెట్టండి. కోసినచోట చిన్న గొడుగు, కాడ బొమ్మ గీసినట్టు కనిపిస్తే అది విచ్చుకోని అమనిటా అయ్యే అవకాశం ఉంది. అది తగిలిన గిన్నెలోనివన్నీ పారేయండి.

పుట్టల మీద మొలిచేవాటికి మరో గుర్తు ఉంది. చెదలు పుట్ట లోపల నమిలి విసర్జించిన పుల్లల పిప్పితో గూళ్లు కట్టి, వాటిమీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. పెద్ద రకాల గొడుగు నడినెత్తిన మొన ఉంటుంది. కాడ వేరులా భూమిలోకి గూడుదాకా దిగుతుంది. కాడ తుంచితే ఈ గుర్తు తెలియదు. అమనిటా కాడ అడుగున ఉండే సంచిలాంటి పొర కూడా నేలలోనే ఉండిపోతుంది. కాబట్టి చుట్టూ తవ్వి మొదలంటా తీయండి. కాడ అడుగున సంచి, కాడకు ఉంగరం, తెల్ల రేకులు మూడూ ఉంటే ముట్టుకోవద్దు. గుంపులుగా వచ్చే చిట్టి రకానికి ఆ పొడవాటి వేరు ఉండదు. అనుభవమున్న పెద్దవాళ్లు పక్కన లేకపోతే దాని జోలికి పోకండి.

మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. విరేచనాలు కట్టే మాత్రలు, పారాసెటమాల్ సొంతంగా వేయకండి. ఓఆర్ఎస్ పడుతూ 108కి ఫోన్ చేయండి. బాగానే ఉన్నవాళ్లతో సహా ఆ కూర తిన్నవాళ్లంతా వెళ్లాలి. తిన్న సమయం, వాంతి మొదలైన సమయం కాగితం మీద రాసి, మిగిలిన పుట్టగొడుగును పేపర్‌లో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవరులో కుళ్లిపోతుంది. ఆరు గంటలు దాటాక మొదలైతే కాలేయ పరీక్షలు, పీటీ-ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసే పరీక్ష) కనీసం రెండు రోజులు మళ్లీ మళ్లీ చేయమని, కాలేయాన్ని కాపాడేందుకు ఇచ్చే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ మందు గురించి డాక్టరును అడగండి. వాంతులు తగ్గినా ఆ రెండు రోజులూ ఆస్పత్రిలోనే ఉండండి.

ఆ బడి ఉపాధ్యాయులకు ఈ సంగతి చెప్పండి. పీకేసినా దాని పోగులు నేలలోనే ఉంటాయి, వానలకు అదే గడ్డిలో మళ్లీ మొలుస్తుంది. వర్షాలున్నన్ని రోజులూ పిల్లలు రాకముందే ఎవరైనా ఆవరణ చూసి పీకేయాలి.