అమ్మాయి ఫొటోగ్రఫీ క్లాసులో చేరింది, కెమెరా కోసం గొలుసు తాకట్టు పెట్టమంటారా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. కొబ్బరి వ్యాపారం. మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో ఏడు. ఈ ఏడాది వాళ్ళ కాలేజీలో డిజిటల్ ఫొటోగ్రఫీ, ప్రింటింగ్ అని కొత్త క్లాసు పెడితే మాకు చెప్పకుండా చేరిపోయింది. ఇప్పుడు 1,20,000 రూపాయల కెమెరా కావాలంటోంది. ఇంట్లో ఉన్న గొలుసు తాకట్టు పెడితే గానీ కుదరదు. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోచింగ్ తీసుకుంటున్నాడు. మా అమ్మాయిని కూడా అక్కడికే పంపమంటారా, ఈ ఫొటోల చదువే నయమంటారా? రెండూ పోల్చి చెప్పండి. ఆడపిల్ల కెమెరా మెడలో వేసుకుని తిరుగుతోందంటే రేపు సంబంధం చూసేవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక నిద్ర పట్టడం లేదండి.

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో ఆఖరి వాక్యమే అసలు ప్రశ్న. దాన్ని అడగడానికి మొహమాటపడి ముందు కెమెరా, కోచింగ్, గొలుసు గురించి రాశారు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కాకినాడ నుంచి వచ్చింది, పాలకొల్లు నుంచి వచ్చింది, యానాం నుంచి ఒక తల్లి ఫోన్‌లో ఏడుస్తూ అడిగింది. ఒకరి అమ్మాయి హోటల్ మేనేజ్‌మెంట్ అంటుంది, ఒకరి అబ్బాయి డాన్స్ అంటాడు, మీ అమ్మాయి ఫొటోగ్రఫీ అంటోంది. తల్లిదండ్రుల భయం మాత్రం అందరిదీ ఒకటే, నలుగురిలో ఏం చెప్పుకోవాలని.

ముందు మీ మనసు కొంచెం కుదుటపడాలి. మీ అమ్మాయి డిగ్రీ మానేయలేదు. కాలేజీ వాళ్ళే పెట్టిన క్లాసు, వారానికి కొన్ని గంటలు, కాలేజీ ఆవరణలో. రేపు సంబంధం చూసేవాళ్ళు అడిగినా 'బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతోంది' అనే చెబుతారు, అందులో అబద్ధం ఏమీ లేదు. పైగా ఆ క్లాసులో సగం పని కంప్యూటర్ ముందు కూర్చుని చేసేదే. చెడిపోయింది ఏదీ లేదు. ఆ టెన్షన్ వదిలేయండి.

ఇక ఆ క్లాసు పేరులో రెండు మాటలున్నాయి. మీరూ, బహుశా మీ అమ్మాయి కూడా, మొదటి మాటే విన్నారు. నేను రెండో మాట దగ్గర ఆగుతాను. ఫొటో తీయడం ఇవాళ ఫోన్ ఉన్న ప్రతివాళ్ళూ ఎంతో కొంత నేర్చేసుకున్నారు. ఫొటోలో వెలుగుని అదుపు చేసే షట్టర్, అపర్చర్, ఐఎస్ఓ అనేవి శ్రద్ధ ఉన్న పిల్లకి కొన్ని వారాల పని. ప్రింటు అలా రాదు. స్క్రీన్ మీద నిగనిగలాడిన కొబ్బరితోట కాగితం మీదికి వచ్చేసరికి మాడినట్టు, మసకగా వస్తుంది. క్లాసులో మొదటి ప్రింటు చేతిలోకి తీసుకున్న పిల్లలందరూ దాదాపు ఒకేలా ముఖం పెడతారు. స్క్రీన్ తానే వెలుగుతుంది, కాగితం తన మీద పడిన వెలుగునే వెనక్కి ఇస్తుంది. స్క్రీన్ మీద రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయిక. అచ్చులో సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకులు. మన లేత వరిచేలో ఉండే ఆ పచ్చదనం ఉంది చూశారూ, అది చాలావరకు ఈ నాలుగు ఇంకులకి అందదు. అందనిదాన్ని ఎంత దగ్గరగా పట్టుకురావచ్చో తెలుసుకోవడమే ఆ విద్య. దానికోసం స్క్రీన్ వెలుగు తగ్గించి సరిచూసుకోవాలి, ఏ కాగితానికి ఆ కాగితం కలర్ ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో కంప్యూటర్‌కి చెప్పే ఫైలు) పెట్టుకోవాలి, పెద్ద ప్రింటు వేసే ముందు చిన్న ముక్క వేసి పగటి వెలుగులో చూసుకోవాలి. ఇది చేతికి పట్టుబడినవాళ్ళు మన జిల్లాల్లో తక్కువమంది. కెమెరాలు కొన్నవాళ్ళు మాత్రం వీధికొకరు.

దీనికి డబ్బులెవరిస్తారని అడుగుతారు. మీకు దగ్గర్లోనే ఉంది చూడండి, నరసాపురం లేసు. గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని అల్లే తెల్లటి అల్లిక, విదేశాలకి వెళ్తుంది. దాన్ని ఫొటో తీయడం ఎంత కష్టమో తెలుసా? కెమెరా తన ముందున్న ప్రతిదాన్నీ మధ్యరకం బూడిదరంగు అనుకుని లెక్క వేస్తుంది. తెల్ల లేసుని తెల్ల గుడ్డ మీద పరిచి నొక్కితే ఉతకని పంచెలా వస్తుంది. ముదురు నీలం గుడ్డ మీద పరిచి, కిటికీ వెలుగు ఒక పక్క నుంచి ఏటవాలుగా పడేలా పెట్టి, ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, కొంచెం తగ్గిస్తే అప్పుడు ఒక్కో ముడీ లేచి కనిపిస్తుంది. రెండేళ్ళ కిందట నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ఈ పనే చేస్తోంది. ఇంట్లో ఒక గది, ఒక కిటికీ, ఒక బల్ల. ఉప్పాడ జాందానీ చీరలదీ ఇదే కథ. ఆన్‌లైన్‌లో చూసిన రంగు ఒకటి, పార్సిల్‌లో వచ్చిన రంగు ఇంకొకటి అయితే చీర తిరిగొస్తుంది, దారి ఖర్చులు నేత మనిషి మీద పడతాయి. రంగు ఉన్నది ఉన్నట్టు చూపించగలిగే మనిషి వాళ్ళకి కావాలి. కడియం నర్సరీల వాళ్ళకీ, ఆత్రేయపురం పూతరేకుల వాళ్ళకీ కావాలి.

నా సొంత సంగతి ఒకటి చెప్తాను. 1986 ఆగస్టు వరదలో మా లంక ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. మా నాయనమ్మ ఫొటో ఫ్రేములోనే నాని, ఆరాక అద్దానికి అతుక్కుపోయింది. ఉన్నది అదొక్కటే ఫొటో. ఒక స్టూడియోలో ఇస్తే లాగి ఊడదీయబోయాడు, చెవి దగ్గర పొర లేచిపోయింది. మా నాన్న అక్కడే ఆపించి ఇంటికి తెచ్చేశాడు. చాలా ఏళ్ళకి ఇంకొకాయన అద్దం కదపకుండా, రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో లైట్లు పెట్టి, అద్దం మీదుగానే కాపీ తీశాడు. తర్వాత కంప్యూటర్‌లో ఆ చెవి దిద్ది, మంచి కాగితం మీద వేసి ఇచ్చాడు. ఆ ప్రింటు తీసుకుని మా నాన్న స్టూడియో అరుగు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. మన వైపు వరదలు తెలియని ఇల్లు లేదు. పెద్దాయన పోతే దినకార్యం నాటికి పటం కట్టించడానికి ఆధార్ కార్డు మీది ఫొటో తప్ప మరొకటి దొరకని ఇళ్ళు నాకు తెలుసు. మీ అమ్మాయి నేర్చుకునేది అలాంటి ఇళ్ళకి పనికొచ్చే విద్య.

ఇప్పుడు నాకు గట్టి సందేహాలున్న దారి గురించి. 1,20,000 కెమెరా అడిగిందంటే మీ అమ్మాయి మనసు ఆ దారి మీదే ఉందని నా అనుమానం. క్యాండిడ్ పెళ్ళి ఫొటోలు, ప్రీ వెడ్డింగ్ షూట్‌లు, డ్రోన్, రీల్స్. దిండిలో పడవ, కొబ్బరితోటలో పొగ, పైనుంచి డ్రోన్. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ పది రీల్స్ వరసగా చూస్తే జంటల ముఖాలు తప్ప ఏమీ మారవు. ఎవరైనా తీయగలిగిన పనికి ధర నిలవదు. ఈ సీజన్‌లో ఒకడు చెప్పిన రేటుకి వచ్చే సీజన్‌లో ఇంకొకడు సగానికే ఒప్పుకుంటాడు.

సీజన్ అన్నాను కదా, మన పంచాంగం ఒకసారి తీయండి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, భాద్రపదంలో లేవు, పుష్యంలో లేవు. మధ్యలో మూఢం వచ్చిందంటే మంచి నెలలు కూడా పోతాయి. ముహూర్తాలు లేని నెలలోనూ కెమెరా ఈఎంఐ మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది. అప్పు చేసి పరికరాలు కొన్న కుర్రాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పెళ్ళికి ఒక కెమెరా సరిపోదు, రెండు ఉండాలి, ఎందుకంటే ఒకటి మొరాయిస్తే తాళి రెండోసారి కట్టరు. డ్రోన్ 250 గ్రాములు దాటి, దానితో డబ్బు తీసుకుని పని చేస్తే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. 2021 డ్రోన్ నియమాల తర్వాత ఇది ఖాయం. అయినా మన వైపు ఎంతమంది తీసుకున్నారో నాకు అనుమానమే. ఆల్బమ్ ఇచ్చాక మిగతా డబ్బుల కోసం పెళ్ళివారి చుట్టూ తిరగడం ఉంటుంది. దాని గురించి ఏ రీల్‌లోనూ కనిపించదు.

అర్ధరాత్రి ముహూర్తాలు, తిరుగు ప్రయాణం గురించి మీ భయం న్యాయమైనదే. దాన్ని నేను కొట్టిపారేయను. అయితే పెళ్ళికూతురి గదిలో, మంగళస్నానాల దగ్గర ఆడమనిషే ఫొటోలు తీస్తే బాగుండునని కోరే కుటుంబాలు పెరుగుతున్నాయి. ఇంకో ఆడమనిషి ఉన్న టీంలో, రాకపోకల బాధ్యత టీం తీసుకుంటేనే వెళ్ళాలి. లేకపోతే వద్దు. ముందు చెప్పిన లేసు, చీరలు, పాత ఫొటోల పనుల్లో ఏదీ రాత్రి పూట చేసేది కాదు కదా.

ఇక మీతో కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమనుకోకండి. ఇంత పెద్ద ఉత్తరం రాశారు. బావమరిది కొడుకు ఏం చదువుతున్నాడో రాశారు, కెమెరా ధర రాశారు. మీ అమ్మాయి ఏం ఫొటోలు తీస్తుందో ఒక్క ముక్క రాయలేదు. చూసి ఉండరు. చెప్పకుండా చేరిందని కోపం తెచ్చుకున్నారే, చెబితే చేరనిచ్చేవారా? పిల్లలు మనకి చెప్పకుండా చేసే పనుల్లో సగానికి కారణం మన ముఖంలోనే ఉంటుంది. పిల్ల బతుకుతెరువుని బంధువుల ముందు చెప్పుకోవడానికి వీలుగా ఉందా లేదా అని తూచకండి. మన రాజమండ్రిలో ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చూసి ప్రోత్సహించబట్టే దామెర్ల రామారావు చిత్రకారుడయ్యాడు. 1925లో 28 ఏళ్ళయినా నిండకుండానే పోయాడు, ఆయన పేరున గ్యాలరీ ఇవాళ్టికీ రాజమండ్రిలో ఉంది. వీలు చూసుకుని ఒకరోజు మీరిద్దరూ వెళ్ళండి. ఆ బొమ్మల్లో వెలుగు ఎటునుంచి పడుతోందో మీ అమ్మాయిని చెప్పమనండి, మీరు వినండి.

డేటా సైన్స్‌తో పోల్చమన్నారు. లెక్కలు, స్టాటిస్టిక్స్ ఇష్టంగా చేసే పిల్లకి అది మంచి దారే, అప్పుడు కూడా కోచింగ్ కన్నా పీజీ నయం. కొద్ది నెలల కోచింగ్ అయ్యాక అందరి చేతిలో ఒకే సర్టిఫికెట్, అందరి రెజ్యూమెలో అవే ప్రాజెక్టులు. ఇష్టం లేని పిల్లని హాస్టల్ ఫీజు కట్టి పంపితే ఏమవుతుందో నేను చాలాసార్లు చూశాను. డిగ్రీ పూర్తవడానికి ఇంకా టైముంది, ఇవాళే తేల్చేయనక్కర్లేదు. తర్వాత ఈ దారిలోనే పెద్ద చదువు కావాలంటే కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, గాంధీనగర్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో ఫొటోగ్రఫీ డిజైన్‌లో పీజీ ఉంది. ఎంట్రన్స్‌ల సంగతి నోటిఫికేషన్లలో దొరుకుతుంది. హైదరాబాద్‌కి అయితే సీట్లలో లోకల్, నాన్ లోకల్ విషయం ముందే కనుక్కోండి.

గొలుసు మాత్రం తాకట్టు పెట్టకండి. క్లాసు పూర్తయ్యేదాకా కాలేజీ కెమెరా, తన ఫోను చాలు. 12×18 అంగుళాల ప్రింటు 300 డీపీఐతో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, వేయాలంటే 3600×5400 పిక్సెళ్ళు కావాలి, అంటే దాదాపు 2 కోట్లు. 24 మెగాపిక్సెల్, అంటే 2.4 కోట్ల పిక్సెళ్ళ, పాత కెమెరా దానికి సరిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక బాడీ (లెన్సు లేని కెమెరా), ఒక 50 ఎంఎం లెన్సు చూడండి. కొనేముందు లెన్సు వెనక నుంచి టార్చి వేసి లోపలికి చూడాలి. సాలెగూడు పోగుల్లా సన్నగా కనిపిస్తే అది ఫంగస్, తీసుకోవద్దు. కోనసీమ తేమకి మంచి లెన్సు కూడా తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే ఒక వానాకాలంలో పాడవుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, తక్కువ ఖర్చుతో అయిపోతుంది. మిగిలిన డబ్బుల్లో కొంత ప్రింట్లకి ఇవ్వండి. వారానికి ఒక్క ప్రింటయినా వేయించమనండి, వెనకాల తేదీ, కాగితం పేరు రాసి దాచమనండి.

ఈ ఆదివారం తను తీసినవాటిలో ఒకటి ఎంచుకోమని చెప్పి, మీరే బండి మీద రాజోలు కలర్ ల్యాబ్‌కి తీసుకెళ్ళండి. అక్కడ ల్యాబ్ అతనితో తను ఏం మాట్లాడుతుందో పక్కన నిలబడి వినండి. మళ్ళీ ఉత్తరం రాసేటప్పుడు ఆ ఫొటోలో ఏముందో రాయండి.