అణు విద్యుత్తా, సోలారా? సబ్‌స్టేషన్ షిఫ్ట్‌లో కూర్చుని చూసినవాడిగా నా జవాబు

2047కల్లా 100 గిగావాట్ల (అంటే లక్ష మెగావాట్ల) అణు విద్యుత్ అని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది కదా, ఇంత ఎండ కాసే దేశానికి అది అవసరమా, ఆ డబ్బు సోలార్, విండ్ మీద పెడితే చాలదా అని అడిగారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు ప్లాంటు వస్తే మన ఛార్జీలు తగ్గుతాయా అని కూడా అడిగారు. నేను కర్నూలు జిల్లాలో సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ని. గంటగంటకీ లోడ్, అంటే కరెంటు వాడకం, ఎంతుందో లాగ్ షీట్‌లో రాయడం నా పని. కరెంటు ఎంత అన్నదానికంటే ఏ వేళకు అన్నదే పెద్ద విషయమని ఆ షీట్లే నాకు నేర్పాయి.

నిజానికి అంతకుముందే మా నాన్న నేర్పాడు. మాది వేరుశనగ పండించే ఇల్లు. నా చిన్నప్పుడు పొలాలకు త్రీఫేజ్ రాత్రిపూటే ఎక్కువగా వచ్చేది, ఒక వారం పదకొండుకు, ఇంకో వారం రెండుకు. నాన్న టార్చిలైటు పట్టుకుని చేలోకి పోయేవాడు, ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ నిద్రపోయేది కాదు. మా ఊళ్లో ఇద్దరు అలా పోయి మళ్లీ ఇంటికి రాలేదు. ఒకాయన పాము కాటుకు, ఇంకొకాయన తడి చేతులతో స్టార్టర్ ముట్టుకుని. ఇప్పుడు మా ఫీడర్లకు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు, పొలాలకు పోయే లైన్లకు, పగలే తొమ్మిది గంటలు ఇస్తున్నాం. దానికి కొత్త లైన్లు, ఫీడర్లు కూడా కావాల్సి వచ్చాయి కానీ, పగలు అంత కరెంటు దొరకడానికి సోలార్ చేసిన సాయం చాలా పెద్దది. 2017లో గని-శకునాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు వచ్చింది. అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్లకు బీడు పోయింది, అదీ నిజమే. అయినా రైతు పగటి వెలుతురులో నీళ్లు కట్టుకోవడం నేను ఆ తర్వాతే చూశాను. అందుకే సోలార్ దండగ అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

కానీ సాయంత్రం షిఫ్ట్‌లో కూర్చుంటే కథ వేరు. నాలుగున్నర నుంచి సోలార్ దిగడం మొదలవుతుంది, ఆరున్నర దాటితే సున్నా. సరిగ్గా అప్పుడే ఊళ్లో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు, వీధి దీపాలు అన్నీ ఒక్కసారిగా పడతాయి. ఎక్కడికి ఎంత కరెంటు పోవాలో చూసే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్ వస్తుందేమోనని టెన్షన్. 2022 ఏప్రిల్‌లో బొగ్గు కొరతకు ఎండలు తోడై పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. ఆ నెలలో ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్ అని, అంటే వెంటనే లోడ్ తగ్గించమని, ఫోన్ వచ్చి, పల్లె ఫీడర్ బ్రేకర్ తీసి నా చేత్తోనే ఊళ్లకు కరెంటు ఆపిన రాత్రులున్నాయి. అవతలివాళ్లు ఫోన్ చేసి పసిబిడ్డ ఉందయ్యా అంటే ఏం చెప్పాలి?

అణు విద్యుత్ ఈ సాయంత్రపు లోటు తీరుస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ మన దేశంలో రియాక్టర్లను ఇరవై నాలుగ్గంటలూ ఒకే స్థాయిలో నడుపుతారు. కట్టడానికే ఖర్చంతా, ఇంధనం వాటా తక్కువ. కాబట్టి తగ్గించి నడిపితే నష్టం. సాయంత్రం రెండు గంటల్లో ఎగిసే లోడ్‌ని అందుకోవడం దాని పని కాదు. దాని బలం రాత్రి రెండు గంటలకు తెలుస్తుంది. ఆ వేళ ఇప్పుడు మనల్ని నడిపేది బొగ్గే. వెయ్యి మెగావాట్ల సోలార్ ఏడాదికి ఇచ్చే యూనిట్లు, అంతే సామర్థ్యమున్న రియాక్టర్ ఇచ్చేవాటిలో దాదాపు మూడో వంతు. ఈ లెక్క దాచిపెట్టి సోలారే చాలు అనడం సరికాదు. జర్మనీ 2023 ఏప్రిల్‌లో బొగ్గు ప్లాంట్లు నడుస్తుండగానే చివరి మూడు రియాక్టర్లు మూసేసింది. అది పొరపాటని నా అభిప్రాయం.

మరి కొవ్వాడ? అక్కడ అనుకుంటున్నది 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు. మొదట జీఈ-హిటాచీ అన్నారు, తర్వాత వెస్టింగ్‌హౌస్ అన్నారు. ఆ వెస్టింగ్‌హౌస్ రకం రియాక్టర్లు రెండు అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని వోగ్టిల్‌లో కట్టారు. అనుకున్నదానికి ఏడేళ్లు ఆలస్యమై 2023లో ఒకటి, 2024లో ఒకటి మొదలయ్యాయి. ఖర్చు రెట్టింపు దాటి 3,000 కోట్ల డాలర్ల పైకి పోయింది. తమిళనాడులోని కూడంకుళంలో మొదటి రియాక్టర్ పని 2002లో మొదలైతే గ్రిడ్‌కి కరెంటు వచ్చింది 2013లో. నాతో పనిచేసినాయన ఒకరిది కొవ్వాడ ఉన్న రణస్థలం మండలం వైపు. వాళ్ల బంధువులు ఇల్లు బాగుచేయించుకోవాలా వద్దా, భూమి నమ్మి పిల్లకు సంబంధం చూడొచ్చా అని ఏళ్ల తరబడి తేల్చుకోలేకపోతున్నారని చెప్పేవాడు. ఇంకా పునాది కూడా పడని ప్లాంటు ఒక ఊరి బతుకుని అలా ఆపేసింది. ఏ యూనిట్ కరెంటు ధరలోనూ ఈ లెక్క ఉండదు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ల గురించి చేస్తున్న ఫిర్యాదులూ ఆ ధరలోకి రావు.

మరి సాయంత్రపు లోటు ఎలా తీరాలి? మాకు దగ్గర్లోనే పిన్నాపురం ఉంది. అక్కడ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీకి 2022 మేలో శంకుస్థాపన చేశారు. మధ్యాహ్నం మిగిలే సోలార్, విండ్ కరెంటుతో కింది చెరువు నీళ్లు పైచెరువుకు ఎక్కిస్తారు, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. వంద యూనిట్లు పెడితే డెబ్బై ఐదు, ఎనభై దాకా తిరిగొస్తాయి. పోయే ఇరవై, ఇరవై ఐదు యూనిట్లు నష్టమే. కానీ మధ్యాహ్నం వాడుకునేవాడు లేక సోలార్‌ని తగ్గించమని చెప్పే రోజులు వస్తున్నాయి, అలాంటప్పుడు వందకు వందా పోతుంది. శ్రీశైలం ఎడమగట్టున కూడా వెనక్కి నీళ్లు ఎక్కించగల 900 మెగావాట్ల టర్బైన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. అంటే మనకు తెలియని విద్యేమీ కాదు.

కాబట్టి రాబోయే పదేళ్లలో ప్రభుత్వం పెట్టే డబ్బు ముందు పంప్డ్ స్టోరేజీకి, బ్యాటరీలకు, లైన్లకు పోవాలంటాను. అణు విద్యుత్ ఆపొద్దు. గుజరాత్‌లోని కాక్రపార్‌లో మనవాళ్లే కట్టిన 700 మెగావాట్ల రియాక్టర్లు రెండు నడుస్తున్నాయి, ఆ రకానికి ఇంధనం మన హైదరాబాద్ ఎన్‌ఎఫ్‌సీ (అణు ఇంధనం తయారుచేసే ప్రభుత్వ సంస్థ)లోనే తయారవుతుంది. వాటిని కట్టడానికీ పదేళ్లు దాటింది, అయినా ఆ అనుభవం మన చేతిలో ఉంది. వాటినే ఇంకొన్ని కట్టుకుంటూ పోవాలి, అదీ ఊరివాళ్లకు ముందే అన్నీ చెప్పి, డబ్బు చేతిలో పెట్టిన తర్వాత.

ఇక ఛార్జీల సంగతి. కొవ్వాడ కరెంటు వల్ల మీ బిల్లు తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ రోజే పని మొదలైనా అది గ్రిడ్‌కి వచ్చేసరికి పదేళ్లు దాటుతుంది, వోగ్టిల్ ఖర్చు చూస్తే చౌకగా రాదు. వచ్చే వేసవి సాయంత్రం మా ఫీడర్ తీయకుండా ఉండటానికైతే అది అందదు.