పెరట్లో పెన్నేరు పెట్టుకునే బిడ్డకు

బిడ్డా,

ఇంటి వెనుక జాగాలో అశ్వగంధ పెడతానని రాశావు, సంతోషం. దీన్నే పెన్నేరు అంటారు. ఆకు మీద సన్నటి నూగు ఉంటుంది, ఎండకు బెదరదు. మనకు కావాల్సింది మాత్రం నేలలో ఉన్న వేరు. నీళ్లు, ఎరువు ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి వేరు సన్నగా ఉండిపోతుంది. ఇంటి తోటల్లో పెన్నేరు చెడేది చాలావరకు ఈ అతి ప్రేమతోనే.

హనుమకొండ చుట్టూ ఉన్న ఎర్ర చెల్క నేల దీనికి బాగా సరిపోతుంది. నీ జాగా నల్లరేగడి అయితే ఉన్నచోటనే విత్తవద్దు. నేల కంటే 9 అంగుళాలు ఎత్తుగా మడి కట్టు. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, బాగా మాగిన పెంట ఒక పాలు కలిపి నింపు. పచ్చి పెంట వేస్తే వేరుపురుగు వస్తుంది. మడి ఏదైనా అడుగున్నర లోతు గుల్ల చేయాలి. అడుగున గట్టి పొర గాని రాయి గాని ఉంటే వేరు అక్కడికే ఆగి వంకర తిరుగుతుంది, చీలిపోతుంది. కుండీలో పెట్టాలంటే 14 అంగుళాల లోతుకు తగ్గకూడదు, అడుగున రంధ్రాలు ఉండాలి. యూరియా జోలికి పోకు.

నిరుడు మిరప, వంగ, టమాట వేసిన మడిలో దీన్ని వేయకు. నాలుగూ ఒకే కుటుంబం. వేర్ల మీద బుడిపెలు లేపే నులిపురుగు ఆ మట్టిలో కాచుకొని ఉంటుంది. బంతి వేసిన మడి అయితే మంచిది.

జూన్‌లో తొలకరి పడగానే విత్తాలని తొందరపడకు. మన దిక్కు జూలై, ఆగస్టు వానలకు లేత మొలకలు మొదట్లోనే మెత్తబడి వాలిపోతాయి. మఖ చివర, పుబ్బ కార్తెలో, అంటే ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు సగం లోపల విత్తు. కొత్త విత్తనమే తీసుకో, ఏడాది దాటితే మొలక తగ్గుతుంది. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచి, కుళ్లు తెగులును ఆపే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా పొడి చిటికెడు పట్టించి, ఇసుకలో కలిపి అర అంగుళం లోతున చల్లు. పైన సన్నమట్టి కప్పి రోజ్ క్యాన్‌తో (చిల్లుల మూతి నీళ్ల డబ్బాతో) తడుపు. వారం నుంచి పదిహేను రోజుల్లో మొలుస్తుంది. మూడు, నాలుగు వారాలకు మొక్కకూ మొక్కకూ అడుగు ఎడం ఉండేట్టు పలుచన చెయ్యి. పీకడానికి చెయ్యి రాదని వదిలేస్తే ఒక్కటీ లావెక్కదు.

మొలిచేదాకా తేమ ఆరనీయకు. తర్వాత వాన లేకపోతే పది రోజులకోసారి తడిపితే చాలు. మధ్యాహ్నం ఆకు వాడి సాయంత్రానికి లేస్తే నీళ్లు పోయనక్కరలేదు. పొద్దున్నే వాడి ఉంటే నీళ్లు పోయాలి. మట్టి తడిగా ఉండి కూడా వాడితే వేరు కుళ్లుతున్నట్టు. ఆ మొక్కను పీకి పారెయ్, నీళ్లు ఆపు.

దీనికి పెద్ద శత్రువు వంగను తినే అక్షింతల పురుగే. ఆకును జల్లెడలాగ గీకి ఈనెలు మిగులుస్తుంది. ఆకు అడుగున పసుపు గుడ్లు గుంపుగా నిలబడి కనిపిస్తే ఆ ఆకును తుంచి సబ్బునీళ్లలో వెయ్యి. పది మొక్కలకు చేతితో ఏరడమే మందు. ఇంకా ఉంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం కొట్టు. పిండినల్లి కనిపించినా ఇదే.

విత్తిన 150 నుంచి 180 రోజులకు, మనకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో, కింది ఆకులు పండి పొరలోపలి కాయలు ఎర్రబడతాయి. తవ్వే ముందురోజు మడి తడుపు, లేకపోతే వేరు కొన విరిగి లోపలే ఉండిపోతుంది. పక్క నుంచి గడ్డపారతో లేపు, కాండం పట్టి గుంజకు. రెండో ఏడాదికి ఉంచితే వేరు నారెక్కి కట్టె అవుతుంది. కడిగి, మూడు, నాలుగు అంగుళాల ముక్కలుగా కోసి, విరిస్తే టక్కుమనేదాకా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టు. ఒక్కో మొక్కకు ఎండువేరు కొద్ది గ్రాములే వస్తుంది, నిరాశపడకు.

ఇంట్లో వాడాలంటే వేరొక్కటే. ఆకు వాడవద్దని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు సూచించింది. కాయలు ఎర్రగా ముద్దుగా ఉంటాయి, పిల్లల నోటికి అందనీయకు. గర్భిణులకు వద్దే వద్దు. థైరాయిడ్ గోళీలు వేసుకునే వాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు.

విత్తనానికి రెండు బలమైన మొక్కలు వదిలెయ్. పండిన కాయలు పిసికి, కడిగి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి తేదీ రాసిపెట్టు. మళ్లీ పుబ్బ కార్తెకు తీద్దువు.

ఆశీస్సులతో,
మామయ్య